మొదటి ట్రైక్: 582తో పెద్ద రెక్కా, 912తో చిన్న రెక్కా?

చంద్రగిరి_కోట

అందరికీ నమస్కారం. ఇద్దరు కూర్చునే ట్రైక్ (మూడు చక్రాల ఇంజన్ బండికి పైన గుడ్డ రెక్క తగిలించిన చిన్న విమానం) కొనాలని చూస్తున్నాను, ఇదే మొదటిది. ఉండేది తిరుపతి. ఎగరాలనుకుంటున్నది పలమనేరు దగ్గర గడ్డి నేల మీద. సముద్రమట్టం నుంచి 680 మీటర్ల ఎత్తు, స్ట్రిప్ పొడవు 420 మీటర్లు, ఒక కొసన కొబ్బరి తోట ఉంది. శిక్షణ బెంగళూరు వైపు నడుస్తోంది, ఇంకా సోలోకి (ఒంటరిగా ఎగరడానికి) రాలేదు.

రెండు బేరాలున్నాయి, రెండూ పాతవే.

మొదటిది రోటాక్స్ 582 ఇంజన్, 17 చదరపు మీటర్ల రెక్క, పైన కింగ్‌పోస్ట్ (తీగలు కట్టే నిలువు స్తంభం) ఉంది. ఇంజన్ 215 గంటలు తిరిగింది. రెక్క వయసు 9 ఏళ్లు.

రెండోది రోటాక్స్ 912 యూఎల్ఎస్, 12 చదరపు మీటర్ల టాప్‌లెస్ (కింగ్‌పోస్ట్ లేని) రెక్క. ఇంజన్ 640 గంటలు. ధర మొదటిదానికి రెండున్నర రెట్లు.

నా బరువు 84 కిలోలు, వెనక కూర్చునే తమ్ముడు 92. ఏది తీసుకోమంటారు?

పుంగనూరు_రెక్క

ఇంజన్‌తో మొదలుపెట్టకండి, రెక్కతో మొదలుపెట్టండి. ట్రైక్‌లో ఎగిరేది రెక్క. కింద బండి దానికి వేలాడే బరువు, అంతే.

మీరు చెప్పిన రెండింటికీ 450 కిలోల పూర్తి బరువు అనుకుందాం. 17 చదరపు మీటర్లకు పంచితే చదరపు మీటరుకు 26.5 కిలోలు, 12కు పంచితే 37.5. స్టాల్ వేగం (రెక్క గాల్లో నిలబడగల కనీస వేగం) ఈ భారం వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి చిన్న రెక్క దాదాపు 19 శాతం ఎక్కువ వేగంతో నేలకు వస్తుంది. నేలను తాకేటప్పటి శక్తి వేగం వర్గాన్ని బట్టి కదా, అది 41 శాతం ఎక్కువ. గడ్డిలో గుంట తగిలినా, ముందు చక్రం కాస్త వంకరగా దిగినా ఆ 41 శాతమే బండిని తిరగేస్తుంది.

ఇంకో సంగతి. చిన్న రెక్క మీద బార్ (చేతులతో పట్టి నడిపే కడ్డీ) కొంచెం లాగితే చాలు, వేగం గబగబా పెరుగుతుంది. ఫ్లేర్ (నేల తాకేముందు ముక్కు లేపడం) ఎప్పుడు ఇవ్వాలో చేతికి తెలియకముందే నేల వచ్చేస్తుంది. పెద్ద రెక్క బరువుగా, నిదానంగా తిరుగుతుంది, గాలి కుదుపులు కూడా ఎక్కువ చూపిస్తుంది. అయినా తప్పు దిద్దుకోవడానికి టైమ్ ఇస్తుంది. సోలోకి ముందున్న మనిషికి 12 చదరపు మీటర్ల టాప్‌లెస్ వద్దు అనేదే నా గట్టి మాట.

కాణిపాకం_రెంచి

రెక్క మాట నిజమే కానీ, 582 గురించి చెప్పేదుండాది. ఆ ఇంజన్‌ని పూర్తిగా విప్పి బాగుచేసేదానికి రోటాక్స్ పెట్టిన గడువు 300 గంటలు లేదంటే 5 ఏళ్లు, ఏది ముందొస్తే అది. 215 పోతే 85 మిగిలినట్టు కనపడతాది. కానీ ఇంజన్ వయసు చెప్పలేదే మీరు? రెక్కతో పాటు వచ్చిందైతే దానికీ 9 ఏళ్లు. అట్లయితే గడువు ఎప్పుడో దాటిపోయింది. ఊరికే నిలబెట్టిన టూ-స్ట్రోక్ తిరిగిన దానికన్నా అన్యాయం. క్రాంక్ బేరింగులకు తుప్పు పడతాది, క్రాంక్ సీళ్లు ఎండి బిగుసుకుంటాయి. సీలు కారితే గాలి లోపలికి పీలుస్తాది, మిశ్రమం పల్చబడతాది, పిస్టన్ కాలిపోతాది.

అందుకని లెక్క ఇట్ల వేసుకోండి: మొదటి బేరంలో ఇంజన్ విలువ సున్నా. ట్రైక్ బండికి, రెక్కకి ఎంతిస్తారో అంతే ఇవ్వండి, పూర్తి రీబిల్డ్ ఖర్చు పక్కన పెట్టుకోండి. అమ్మేటాయన ఒప్పుకోకపోతే వదిలేయండి.

912 గడువు సీరియల్ నంబరును బట్టి ఉంటాది. పాతవాటికి 1200 లేదా 1500 గంటలు, తర్వాతవాటికి 2000. 640 అంటే ఇంకా బతుకుండాది. కానీ రబ్బరు భాగాలన్నీ 5 ఏళ్లకొకసారి మార్చాల్సిందే: పెట్రోలు, ఆయిలు, కూలెంట్ గొట్టాలు, కార్బ్ సాకెట్లు, డయాఫ్రంలు, పెట్రోలు పంపు. అది చేసిన బిల్లు చూపించమనండి. నోటి మాట వద్దు.

మదనపల్లె_మబ్బు

మీ నేల ఎత్తు ఈ బేరంలో సగం. లెక్క చూడండి.

680 మీటర్లంటే 2,230 అడుగులు. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 10.6 డిగ్రీలు. ఎండాకాలం మధ్యాహ్నం 35 ఉంటే తేడా 24. డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపితే డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పల్చదనాన్ని బట్టి ఇంజన్‌కీ రెక్కకీ తెలిసే ఎత్తు) 5,100 అడుగులు దాటుతుంది. రేణిగుంటలో 42 డిగ్రీల మంటలో కూడా అది 3,700 దగ్గరే ఆగుతుంది. మనకు పలమనేరు చల్లగా హాయిగా ఉంటుంది కానీ ఇంజన్‌కీ రెక్కకీ అక్కడే కష్టం. వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం శక్తి పోతుంది కాబట్టి 65 హార్స్‌పవర్ 582 అక్కడ 55 ఇస్తుంది, 100 హార్స్‌పవర్ యూఎల్ఎస్ 85 ఇస్తుంది.

ఇక టేకాఫ్ దూరం. బ్రిటన్ పౌరవిమానయాన సంస్థ చిన్న విమానాలకు ఇచ్చిన గుణకాలు అందరికీ పనికొస్తాయి: ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు 1.1, ప్రామాణికం కన్నా ప్రతి 10 డిగ్రీలకు 1.1, పొడి గడ్డికి 1.2, తడి గడ్డికి 1.3, చివర భద్రత కోసం 1.33. అన్నీ ఒకదానితో ఒకటి గుణించాలి, కూడకూడదు.

15 మీటర్ల అడ్డంకి దాటడానికి పుస్తకంలో 150 మీటర్లు అని ఉందనుకోండి. మధ్యాహ్నం 35 డిగ్రీల్లో పొడి గడ్డి మీద అది 280 అవుతుంది, భద్రతా గుణకంతో 370 దాటుతుంది. తెల్లవారి 20 డిగ్రీల్లో అదే 320కి దిగుతుంది. కానీ మంచు పడి గడ్డి తడిగా ఉంటే మళ్లీ 350. చల్లదనం ఇచ్చిన లాభంలో సగం తడి గడ్డి తినేస్తుంది. సీజన్‌లో తెల్లవారుజామున ఎగిరేవాళ్లు ఈ ముక్క మరిచిపోతారు.

మీ 420 మీటర్లకు చివర కొబ్బరి చెట్లున్నాయి. పెద్ద కొబ్బరి 15 మీటర్లు దాటుతుంది. 582తో ఇద్దరూ కూర్చుని ఆ వైపు టేకాఫ్ చేయడం నాకు నచ్చదు.

చంద్రగిరి_కోట

> రెక్కతో మొదలుపెట్టండి
> 582 విలువ సున్నా
> 582తో ఇద్దరూ వద్దు

ఈ మూడూ కలిపితే రెండు బేరాలూ పోయినట్టే కదండీ! 912 బండి కొని దాని మీద పెద్ద రెక్క వేయించుకుంటే?

పుంగనూరు_రెక్క

సరిగ్గా అదే వెతకాలి, కానీ వేయించుకోవడం కాదు. ఏ బండికి ఏ రెక్క అన్నది తయారీదారు పరీక్షించి ఆమోదించిన జతగానే ఉండాలి. వేలాడే బిందువు కీల్ (రెక్క మధ్య గొట్టం) మీద ఎక్కడ, రెక్క ఎంత బరువు మోయగలదు, ఇంజన్ తోపుడు గీత ఎక్కడినుంచి పోతుంది అన్నవన్నీ కలిస్తేనే ట్రిమ్ వేగం (బార్ వదిలేస్తే బండి తనంతట నిలబెట్టుకునే వేగం) కుదురుతుంది. హ్యాంగ్ బ్రాకెట్ పడుతుంది కదా అని ఒకరి బండికి ఇంకొకరి రెక్క తగిలిస్తే కాగితాల మీదా చెల్లదు, గాల్లోనూ ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఆమోదించిన జతలు చాలా ఉన్నాయి. ఫ్రాన్స్ ఎయిర్ క్రియేషన్, బ్రిటన్ పీ అండ్ ఎం (పెగాసస్, మెయిన్‌ఎయిర్ కలిసిన కంపెనీ), ఆస్ట్రేలియా ఎయిర్‌బోర్న్, వీళ్లందరూ ఒకే బండికి రెండు మూడు సైజుల రెక్కలు ఇచ్చారు. మీ ఎత్తుకు, మీ బరువుకు, మీ అనుభవానికి కుదిరేది 912 యూఎల్ (80 హార్స్‌పవర్) లేదా యూఎల్ఎస్ బండి మీద 15 నుంచి 17 చదరపు మీటర్ల రెక్క. ఆరు నెలలు ఆగినా పర్వాలేదు, అది దొరికేవరకు చూడండి.

టాప్‌లెస్ మోజు కూడా వదిలేయండి. కింగ్‌పోస్ట్ లేకపోతే షెడ్డు ఎత్తు తగ్గుతుంది, గాలి నిరోధం కొంచెం తగ్గుతుంది. మొదటి ట్రైక్‌కి ఆ రెండూ అవసరం లేదు. కింగ్‌పోస్ట్ ఉన్న రెక్కలో పై తీగలూ లఫ్ లైన్లూ (రెక్క వెనక అంచును పట్టి ఉంచే తాళ్లు) కళ్లెదురుగా ఉంటాయి, తనిఖీ సులభం.

లాగ్‌బుక్_నగరి

బరువు లెక్క ఎవరూ వేయలేదు. ఇద్దరు సీట్ల మైక్రోలైట్‌కి గరిష్ఠ టేకాఫ్ బరువు 450 కిలోలు. 912 బండి, రెక్క కలిపి ఖాళీ బరువు 230 అనుకోండి. మీరిద్దరూ 176. హెల్మెట్లు, హెడ్‌సెట్లు, జాకెట్లు, పనిముట్ల సంచి 8. మొత్తం 414. మిగిలింది 36 కిలోలు, అంటే లీటరుకు 0.72 కిలోల చొప్పున 50 లీటర్ల పెట్రోలు. ట్యాంకు 65 లీటర్లది అయినా ఇద్దరితో పూర్తిగా నింపకూడదు.

అందుకే అమ్మేవాళ్లు చెప్పే ఖాళీ బరువు నమ్మకండి. తూకం పత్రం అడగండి, తేదీ చూడండి. తర్వాత పెట్టిన పెద్ద విండ్‌స్క్రీన్, సైడ్ బ్యాగులు, వెడల్పు టైర్లు అందులో ఉన్నాయా? మూడు చక్రాల కింద మూడు తూకాలు పెట్టి, రెక్క విడిగా తూచి చూస్తే గంట పని.

కాణిపాకం_రెంచి

912 చూసేదానికి పోతే ఇవి చేయండి, వరసగా.

పోయేసరికి ఇంజన్ చల్లగా ఉండల్ల. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసినారని అర్థం. చల్లటి స్టార్టింగ్ ఎట్లుందో చూడడం మన హక్కు.

ఇగ్నిషన్ రెండూ ఆఫ్ అని మీ కళ్లతో చూసి, చక్రాలకు అడ్డం పెట్టి, ప్రొపెల్లర్‌ని అది తిరిగే వైపే చేత్తో తిప్పండి. ఆయిల్ ట్యాంకులో గుడగుడమని చప్పుడొచ్చే దాకా. అప్పుడు డిప్‌స్టిక్ చూడల్ల. వెనక్కి తిప్పితే గాలి ఆయిల్ వ్యవస్థలోకి పోతాది, వాల్వ్ లిఫ్టర్లలో ఆయిల్ ఖాళీ అవుతాది. తిప్పేటప్పుడే నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చేతికి ఒకే మాదిరి తగలల్ల. ఒకటి మెత్తగా ఉంటే డిఫరెన్షియల్ టెస్ట్ అడగండి: 6 బార్ గాలి పెట్టి చూస్తే 25 శాతం కన్నా ఎక్కువ పడకూడదు.

మాగ్నెటిక్ ప్లగ్ తీయించండి. బురద మాదిరి నల్లటి పొడి కొద్దిగా ఉంటే సరే. సూదుల్లాంటి ఇనుప తునకలుంటే బేరం ముగిసింది.

స్టార్ట్ చేసి ఆయిల్ 50 డిగ్రీలకు వచ్చేదాకా ఫుల్ ఇవ్వద్దు. 4000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో ఇగ్నిషన్ ఆపి చూడండి. 300 కన్నా ఎక్కువ పడకూడదు, రెండిటి నడుమ తేడా 115 దాటకూడదు. ఐడిల్‌లో బండంతా వణుకుతాంటే రెండు కార్బ్‌లు సమంగా లేవు. అది పెద్ద రోగం కాదు, కానీ ఆ వణుకులో ఏళ్ల తరబడి నడిపుంటే గేర్‌బాక్స్ అరిగుంటాది.

కార్బ్ గిన్నెలు విప్పి ఫ్లోట్లు చూడండి. బరువెక్కి మునిగే ఫ్లోట్ల గురించి రోటాక్స్ బులెటిన్లు ఇచ్చింది. గిన్నెలో పెట్రోలు మట్టం కన్నా ఫ్లోటు పిన్ను కిందికి మునిగుంటే మార్చల్ల.

ప్రొపెల్లర్ అంచులు వేలితో తడమండి. ట్రైక్‌లో ప్రొపెల్లర్ వెనకుంటాది, చక్రాలు లేపిన ప్రతి రాయీ దానికే తగలాల. మన పక్క నేలంతా గులకరాళ్లు. వెనక చక్రాలకు మడ్‌గార్డులు లేని బండి కొంటే మొదట అవి వేయించుకోండి.

మదనపల్లె_మబ్బు

పెట్రోలు సంగతి ఒక్కటి చెప్పాలి, మన దేశంలో కొత్తగా వచ్చిన తలనొప్పి ఇది. 912 యూఎల్‌కి కనీసం 90 రాన్ ఆక్టేన్ చాలు, యూఎల్ఎస్‌కి 95 కావాలి. ఈ20 పెట్రోల్లో ఆక్టేన్ పెరిగింది కానీ ఇథనాల్ 20 శాతం. రోటాక్స్ 912కి ఒప్పుకున్నది 10 శాతం వరకే. ఇథనాల్ నీటిని పీలుస్తుంది, పాత గొట్టాలను, ఫైబర్ ట్యాంకు లోపలి పూతను మెత్తబరుస్తుంది, వేడికి త్వరగా ఆవిరై గొట్టాల్లో బుడగలు కడుతుంది. 40 డిగ్రీల ఎండలో నిలబెట్టి మళ్లీ స్టార్ట్ చేసి వెంటనే టేకాఫ్ అయితే ఇంజన్ తడబడేది ఇందుకే.

పరీక్ష సులువు. గీతలున్న గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్లు, 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, మూతపెట్టి బాగా ఊపి, పది నిమిషాలు నిలబెట్టండి. అడుగున నీటి మట్టం 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు. పెరిగితే ఉంది, ఎంత పెరిగితే అంత ఎక్కువ. ప్రతి డబ్బాకీ చేయాలి, బంకును బట్టి నమ్మకం పెట్టుకోకూడదు.

ఇథనాల్ లేని దారి ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్. ఇండియన్ ఆయిల్ 2022 నుంచి గుజరాత్ రిఫైనరీలో తయారు చేస్తోంది. కానీ అందులో సీసం ఉంటుంది. అది వాడితే 912కి ఆయిల్ 100 గంటలకు బదులు 50 గంటలకే మార్చాలి, ప్లగ్గులు కూడా త్వరగా పాడవుతాయి. బండి కొనేముందే పెట్రోలు ఎక్కడినుంచి తెచ్చుకుంటారో తేల్చుకోండి. యూఎల్, యూఎల్ఎస్ రెండూ దొరికితే నేను యూఎల్ వైపే మొగ్గుతాను, ఆక్టేన్ గొడవ ఒకటి తగ్గుతుంది. మీ స్ట్రిప్ ఎత్తుకు శక్తి తక్కువే, కానీ 17 చదరపు మీటర్ల రెక్కతో ఉదయం పూట సరిపోతుంది.

కాణిపాకం_రెంచి

ఉదయం పూట సరే, కొబ్బరి తోట వైపు ఇద్దరితో అయితే నేను యూఎల్ఎస్సే అంటాను. 20 హార్స్‌పవర్ తేడా చెట్ల ముందర తెలుస్తాది. ఆక్టేన్ గొడవ భూమ్మీద తీర్చుకోవచ్చు.

పుంగనూరు_రెక్క

రెక్క తనిఖీ గురించి విడిగా రాస్తున్నాను. ఇంజన్ చెడితే గ్లైడ్ చేసి దిగొచ్చు, రెక్క చెడితే ఏమీ చేయలేం.

గంటలు అడగకండి, ఎండ అడగండి. రెక్క డాక్రాన్ గుడ్డను తినేది ఎండలోని అల్ట్రావయొలెట్. ఎగిరిన 300 గంటలకన్నా షెడ్డు లేకుండా మూడు వేసవులు బయట నిలబెట్టిన రెక్క ఘోరం. పైవైపు గుడ్డ, అందులోనూ ట్రెయిలింగ్ ఎడ్జ్ (వెనక అంచు) దగ్గర, ముందు పాడవుతుంది. గుడ్డ కన్నా ముందు కుట్టు దారం పోతుంది. స్ప్రింగ్ త్రాసులాంటి పరికరం బెట్సోమీటర్ అని ఉంటుంది. సూదిని గుడ్డలో గుచ్చి, కుట్టు కింద పెట్టి లాగితే 1360 గ్రాముల వరకు చినగకుండా ఆగాలి. పైవైపు రెండు రెక్కల మీదా చాలాచోట్ల చేయాలి. అమ్మేవాళ్లు ఆ పరీక్షకు ఒప్పుకోకపోతే మీరే అర్థం చేసుకోండి.

తీగలు: దూదిని తీగ వెంట నెమ్మదిగా లాగండి. దూది చిక్కుకున్న చోట తీగలో ఒక పోగు తెగినట్టు. ఒక్కటి తెగినా తీగ మార్చాలి. వంకర పడిన తీగను సాగదీసి మళ్లీ వాడకూడదు. చివర్లలో నొక్కిన స్లీవ్‌ల దగ్గర తెల్లటి పొడి కనిపిస్తే తుప్పు. చెన్నై తీరంలోనో, సూళ్లూరుపేట పక్కనో ఉంచిన బండి అయితే ఉప్పుగాలి తిన్నట్టే. లీడింగ్ ఎడ్జ్ (ముందు అంచు) గొట్టాల్లోకి టార్చి వేసి చూడండి.

ఏ-ఫ్రేమ్ (రెక్క కింద బార్ ఉండే త్రికోణపు చట్రం) నిలువు గొట్టాలు వంగితే మార్చడమే, సాపు చేయడం లేదు. అల్యూమినియం ఒకసారి వంగి మళ్లీ నిటారైతే అక్కడే విరుగుతుంది. కీల్ మీద, క్రాస్‌ట్యూబ్ మధ్యలో గోరు తగిలేంత సొట్ట కనిపించినా ఆగండి, తయారీదారు పుస్తకం ఏం చెబుతుందో చూడండి.

హ్యాంగ్ బోల్ట్ దగ్గరే మొత్తం బరువు వేలాడుతుంది. దాని మార్పు గడువు పుస్తకంలో ఉంటుంది, లాగ్‌బుక్‌లో తేదీ ఉండాలి. విప్పిన ప్రతిసారి నైలాక్ నట్ కొత్తది వేయాలి. దాని పక్కన బ్యాకప్ తీగ లేదా పట్టీ తప్పనిసరి.

చివరగా రెక్క చరిత్ర: పెద్ద దెబ్బ తగిలి రెక్క బాగు చేశారా? గుడ్డ మొత్తం విప్పి ఫ్రేమ్ చూసిన తనిఖీ ఎప్పుడు జరిగింది? జరగకపోతే కొన్నాక మొదటి పని అదే.

చంద్రగిరి_కోట

ఇంత వివరం ఎక్కడా దొరకలేదు, చాలా థాంక్స్ అన్నా. కాగితాల విషయం? రెండో బేరంలో "నంబరు లేదు, కానీ పల్లెల్లో ఎవరూ అడగరు" అన్నారు.

లాగ్‌బుక్_నగరి

అది వదిలేయండి. ఏ ధరకైనా. రిజిస్ట్రేషన్ లేని విమానం ఇనుప సామానుతో సమానం, భద్రత సంస్థల దృష్టిలో అంతకన్నా దారుణం. మనవైపు సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం ఉంది, రేణిగుంట విమానాశ్రయం ఉంది, తిరుమల ఉంది. ఎవరూ అడగరన్నది ఇక్కడ అసలు చెల్లదు.

పాత ట్రైక్ కొనేటప్పుడు చూడాల్సినవి: వీటీ అక్షరాలతో రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, అమ్మే మనిషి పేరు అందులో ఉందా లేదా, ఎగరడానికి అనుమతి పత్రం గడువు, బండి, రెక్క, ఇంజన్, ప్రొపెల్లర్ నాలుగింటి సీరియల్ నంబర్లు కాగితాలతో సరిపోతున్నాయా, ఇంజన్‌కీ ఎయిర్‌ఫ్రేమ్‌కీ విడి లాగ్‌బుక్‌లు, బ్యాంకు తాకట్టు లేదన్న ధ్రువీకరణ, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్. యజమాని మార్పు డీజీసీఏలో (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) దాని ఈజీసీఏ పోర్టల్ ద్వారా చేయించుకోవాలి. అది పూర్తయ్యేవరకు సొమ్ము మొత్తం ఇవ్వకండి. 2025 జనవరి 1 నుంచి 1934 నాటి చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2024 అమల్లో ఉంది, కాబట్టి పాత ఫారాలు చూపించి "ఇంతే చాలు" అనేవాళ్లను నమ్మవద్దు.

విదేశం నుంచి తెప్పించాలనుకుంటే దిగుమతికి ముందే అనుమతి. రేవులో పెట్టె దిగాక అడిగితే నెలల తరబడి అక్కడే కూర్చుంటుంది.

స్ట్రిప్ గురించి కూడా: భూమి యజమాని ఒప్పందం, జిల్లా యంత్రాంగం దగ్గర ఫైలు కదలడం, ఎగిరే రోజు ఫ్లైట్ ప్లాన్, ఏడీసీ (వాయు రక్షణ అనుమతి) నంబరు. ఇవి నడవకుండా బండి ముందు కొంటే షెడ్డులో పెట్టి చూసుకోవాల్సిందే.

మదనపల్లె_మబ్బు

గగనతలం గురించి రెండు ముక్కలు కలుపుతాను. తిరుమల కొండ మీదుగా పోవద్దు. ఆలయం మీద విమానాలు ఎగరకూడదని టీటీడీ ఎప్పటినుంచో కోరుతోంది, ఆ మర్యాద మనం పాటించాలి. శ్రీహరికోట ప్రయోగాల రోజుల్లో గగనతలం మూస్తారు, నోటామ్ (పైలట్లకు ఇచ్చే అధికారిక ప్రకటన) చూడకుండా తూర్పు వైపు కదలొద్దు. కౌండిన్య అభయారణ్యం మీద తక్కువ ఎత్తులో పోతే ఏనుగులు బెదిరి పక్క ఊళ్ల మీద పడతాయి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి గట్టిగా ఉంటుంది. పలమనేరు పీఠభూమి అంచు మొగిలి ఘాట్ దగ్గర ఒక్కసారిగా దిగుతుంది. ఆ గాలి అంచు దాటి బంగారుపాళెం వైపు సుడులు తిరుగుతుంది. ఘాట్‌కు తూర్పున తక్కువ ఎత్తులో ఆ నెలల్లో ట్రైక్ పనికిరాదు. పైగా ఆ దిగువంతా మామిడి తోటలు, ఇంజన్ ఆగితే దిగే చోటు దొరకదు. మామూలు రోజుల్లో కూడా సూర్యోదయం నుంచి తొమ్మిది లోపు, మళ్లీ సాయంత్రం చివరి గంటన్నర, అంతే. నవంబరు, డిసెంబరు వానల్లో బండి కట్టేసి నిర్వహణ పనులు పెట్టుకోండి.

కాణిపాకం_రెంచి

షెడ్డు ముందు కట్టించుకోండి, బండి తర్వాత. రెక్క విప్పకుండా పెట్టాలంటే 10 మీటర్ల పైన వెడల్పు తలుపు కావల్ల. అంత లేకపోతే రెక్క మడిచి గోడకు వేలాడదీయండి, రెండు మూడు చోట్ల మెత్తటి పట్టీలేసి. తడి రెక్కను మడవద్దు, బూజు పడతాది, గొట్టాలు లోపల్నించి తుప్పు పడతాయి. కోతులు పైకెక్కితే గుడ్డ చినుగుతాది, కాబట్టి కిటికీలకు జాలీ. పిటోట్ గొట్టానికి (గాలి వేగం కొలిచేది), కీల్ కొసలకు మూతలు పెట్టండి. కందిరీగలు రెండు రోజుల్లో మట్టి గూడు కడతాయి, స్పీడ్ మీటర్ సున్నా చూపిస్తాది.

చంద్రగిరి_కోట

సరే అన్నా. రెండు బేరాలూ వదిలేస్తున్నాను. 912 మీద 15–17 చదరపు మీటర్ల రెక్క, ఆమోదించిన జత, వీటీ నంబరుతో వెతుకుతాను. సోలో అయ్యేవరకు అడ్వాన్స్ కూడా ఇవ్వను. ఒక్క డౌట్. నేను ముందు కంప్యూటర్ సిమ్యులేటర్‌లో మామూలు విమానం చాలా ఆడాను. ట్రైక్‌లో కాళ్లు, చేతులు తిరగబడతాయంటారు, దానికి బండి ఎంపికతో సంబంధం ఉందా?

పుంగనూరు_రెక్క

ఉంది తమ్ముడూ. బార్ ముందుకు తోస్తే ముక్కు లేస్తుంది, లాగితే దిగుతుంది, స్టిక్‌కి వ్యతిరేకం. నేల మీద కుడి కాలు తోస్తే బండి ఎడమకు తిరుగుతుంది. కుడి పాదం కిందే థ్రాటిల్, ఎడమ పాదం కింద బ్రేకు ఉంటుంది. భయంలో పాత అలవాటే చేతికి వస్తుంది. అందుకే వెనక సీటులో శిక్షకుడికి బార్ పొడిగింపు కడ్డీలు, రెండో థ్రాటిల్ అమర్చగల బండి తీసుకోండి. కొన్న బండి మీదే మీ శిక్షకుడితో కొన్ని గంటలు చేయాలి, మీరు నేర్చుకున్న రెక్కకూ దీనికీ ట్రిమ్ వేగం తేడా ఉంటుంది.

బండి చూడ్డానికి వెళ్లినప్పుడు బ్యాటెన్ల (రెక్క గుడ్డకు వంపునిచ్చే సన్న కడ్డీల) కొలత కాగితం తప్పకుండా అడగండి. రెక్కతో ఫ్యాక్టరీ ఇచ్చిన నిలువెత్తు నమూనా అది. ప్రతి బ్యాటెన్‌నీ దాని మీద పరిచి, వంపు ఎక్కడైనా 5 మిల్లీమీటర్లు తప్పితే సరిచేయాలి. ఎడమా కుడీ ఒకదానికొకటి అద్దంలా సరిపోవాలి. సరిపోకపోతే బార్ వదిలినప్పుడు బండి ఒకవైపు తిరుగుతుంది, అమ్మేవాళ్లు అది గాలి అంటారు. కాగితం లేదంటే తయారీదారుకు రెక్క సీరియల్ నంబరు పంపి తెప్పించుకోవచ్చు. బేరం కుదిరేముందే తెప్పించుకోండి.